తొమ్మిది కలుపవలెను

మా నాగులవలస పురపాలక కార్యాలయం పాత భవనంలోంచి కొత్త భవనంలోకి మారినప్పుడు, ముప్పైరెండు వేల ఫైళ్ళలో ఒక్కటి కూడా పోలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. రికార్డు గది సీనియర్ అసిస్టెంటుని నేనే, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ దుమ్ము పీల్చిందీ నేనే. మూడు ట్రాక్టర్లు పదకొండు రోజులు తిరిగాయి. ఒక్క చినుకు పడలేదు, ఒక్క కట్ట విడలేదు. అన్నీ క్షేమంగా చేరాక తెలిసింది, ఏ కాగితం ఎక్కడుందో కనుక్కునే మార్గం లేదని.

దీనికి మా ఆఫీసు ఆచారమే కారణం. నేను పుట్టకముందు మా ఆఫీసులో ఒక హెడ్ గుమాస్తా ఉండేవాడట. ఒకసారి రాసింది మళ్ళీ రాయడం సిరా దండగ అని ఆయన సిద్ధాంతం. అందుకని ఏ ఫైల్లోనూ పాత సంగతి తిరగరాయనిచ్చేవాడు కాదు. "చూడుము: రెండవ గది, ఐదవ బీరువా, మూడవ అర, తొమ్మిదవ కట్ట" అని రాయించేవాడు. ఆ కట్ట విప్పితే "చూడుము: నాలుగవ గది, మొదటి బీరువా" అని ఉండేది. చూస్తూ పోగా పోగా ఎక్కడో అసలు కాగితం తగిలేది. ఆయన రిటైరయ్యాడు, తర్వాత కాలం చేశాడు, ఆచారం మాత్రం ఆయనకంటే ఆరోగ్యంగా బతికింది.

పాత భవనంలో ఒకటి నుంచి ఆరు దాకా రికార్డు గదులే. కొత్త భవనంలో మొదటి తొమ్మిది గదులూ వేరేవాళ్ళవి, మా రికార్డులు పదో గది నుంచి మొదలు. రెండో గది ఆడవాళ్ళ మరుగుదొడ్డి. ఫైలు చెప్పిన ప్రకారం రెండో గదిలో ఐదో బీరువా వెతుక్కుంటూ వెళ్ళిన పన్నుల విభాగం గుమాస్తా వెళ్ళినంత వేగంగానే బయటపడ్డాడు. చెప్పు మాత్రం ఆయనకంటే ముందు బయటికొచ్చింది.

ఆ సాయంత్రం నేనూ నీలవేణీ పైడితల్లి కొట్టు దగ్గర కూర్చున్నాం. నీలవేణి మా కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటరు. బీటెక్ చదివిన పిల్ల, మా దగ్గర జనన మరణ ధ్రువపత్రాలు ప్రింటు తీస్తుంది. పైడితల్లిది టీ కొట్టు, పాత ఆఫీసు గేటు పక్కన పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఆఫీసు మూడు కిలోమీటర్లు జరిగిపోయినా మా ఇద్దరికీ ఆ టీ మీద నమ్మకం పోక, ఇంటికెళ్ళే దారిలో అక్కడే ఆగేవాళ్ళం.

నా గోడు విని నీలవేణి నవ్వింది. "కంప్యూటర్లకి ఇది పాత జబ్బే బాబాయ్ గారూ. మందు కూడా ఎప్పుడో కనిపెట్టారు."

"చెప్పమ్మాయ్, పుణ్యముంటుంది."

"పెద్ద ప్రోగ్రాం ఏదైనా ముక్కలు ముక్కలుగా తయారవుతుంది. ఈ ముక్క ఆ ముక్కలో ఉన్న పనిని పిలవాలి. కాని ఆ ముక్క రేపు ఎక్కడ కూర్చుంటుందో ఇవాళ తెలీదు కదా? అందుకని చిరునామా రాయాల్సిన చోట సున్నా పెట్టి వదిలేస్తారు. వదిలేసి, వెనకాల ఒక జాబితా తగిలిస్తారు. ఫలానా చోట ఖాళీ ఉంది, అక్కడ ఫలానా దాని చిరునామా నింపండి, అని. ముక్కలన్నిటినీ కలిపి కుట్టేది ఇంకొకటుంటుంది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో దానికి తెలుసు. జాబితా చూసి నింపేస్తుంది."

"నింపాక అందరూ కలిసి ఇల్లు మారితే?"

"అప్పుడూ ఆ జాబితాయే దిక్కు. మొత్తం ప్రోగ్రాం అనుకున్న చోట కాక ఇంకోచోట దిగితే, ఎంత జరిగిందో లెక్కకట్టి, జాబితాలో ఉన్న ప్రతి చిరునామాకీ అంత కలుపుతారు. దాన్ని రీలొకేషన్ టేబుల్ అంటారు. జాబితాలో లేని అంకెని ముట్టుకోకూడదు. ఉన్నదాన్ని ఒక్కసారే దిద్దాలి. ఇంకో చిక్కుంది, చూడండి." ఆ పిల్ల పళ్ళెంలో ఉన్న రెండు గ్లాసులు చూపించింది. "ఈ గ్లాసు 'నా పక్కనున్న గ్లాసు' అని రాసుకుందనుకోండి. పళ్ళెం ఎక్కడికి జరిపినా ఆ మాట తప్పదు, రెండూ కలిసే జరుగుతాయి. అదే ఒకటి పళ్ళెంలో, ఒకటి బల్ల మీద ఉంటే మాత్రం..."

"గళాసులు జరపకమ్మా, ఒలికిపోద్ది," అంది పైడితల్లి.

మా ఫైళ్ళకి మందు చాలా తేలిక. పాత ఒకటో గది ఇప్పుడు పదోది. పాత ఆరోది ఇప్పుడు పదిహేనోది. బీరువాలూ అరలూ కట్టలూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. గది నంబరు ఏ ఫైల్లో ఏ పేజీలో ఉందో ఒక జాబితా రాసి, ఒక్కొక్కదానికి తొమ్మిది కలిపితే సరి. ఇద్దరం కూర్చుంటే నెల రోజుల పని. నేను సంబరపడిపోయి అరపేజీ నోటు రాసి కమిషనర్ గారికి పంపాను. నా సర్వీసులో నేను చేసిన తెలివితక్కువ పనులు చాలా ఉన్నాయి గాని, వాటిల్లో ఇదే పెద్దది.

మా కమిషనర్ చిత్తరంజన్ గారు ఉత్సాహవంతులు. కాగితం లేని కార్యాలయం గురించి నూట ఎనిమిది పేజీల పుస్తకం అచ్చువేయించి ఇంటింటికీ పంచినవారు. నా నోటు చదివి నన్ను పిలిచి, కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపారు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఏ కమిషనరూ నాకోసం లేవలేదు. నాకు అప్పుడే భయం వేయవలసింది.

మర్నాడు మొదటి సర్క్యులర్ వచ్చింది. "పై విషయమును పురస్కరించుకొని అందరికీ తెలియజేయడమేమనగా, కార్యాలయ స్థలాంతరము కారణముగా దస్త్రములందలి చిరునామాలన్నియు యుద్ధప్రాతిపదికన దిద్దబడవలెను. ప్రతి సంఖ్యకును తొమ్మిది కలుపవలెను. ఒక్కొక్క సెక్షను దినమునకు మూడు వందల దిద్దుబాట్లకు తగ్గరాదు. పది వేల దిద్దుబాట్లు పూర్తియైన శుభదినమున ఈ విధానము నాగులవలస నమూనాగా రాష్ట్రమంతటికీ సమర్పించబడును."

నీలవేణి ఆ కాగితం రెండుసార్లు చదివింది. "జాబితా అన్న మాటే లేదేంటి బాబాయ్ గారూ?"

జాబితా తయారు చేయడానికి టైం పడుతుందట. టార్గెట్టు మూడు వందలు. గుమాస్తాలు ఫైలు తెరిచి, అంకె కనబడితే తొమ్మిది కలిపారు. వాళ్ళని మాత్రం ఏమనగలం, అంకె నుదుటి మీద నేను గది నంబరుని అని రాసి ఉండదు కదా. వారం తిరక్కుండానే మా ఊళ్ళో కుళాయిలు ఉదయం పదిహేను గంటలకి వదలడం మొదలైంది. ఆరు నెలల పిల్లకి చుక్కల మందు వేయించాలని వచ్చిన తల్లికి, మీ పిల్లకి పదిహేను నెలలు, ఇంకా నడవడం లేదేమని ఆరోగ్య విభాగం వాళ్ళు మందలించి పంపారు. తొమ్మిదో వార్డు కౌన్సిలరు ఒక పొద్దున్న పద్దెనిమిదో వార్డు కౌన్సిలరుగా లేచాడు. ఆయన కంగారు పడలేదు, ఆ వార్డులో కూడా సన్మానం చేయించుకున్నాడు.

అసలు ముచ్చట రెండో వారంలో జరిగింది. రికార్డు గదుల ఫైళ్ళు పొద్దున్న ఎ సెక్షను దిద్దింది. భోజనాలయ్యాక అవే ఫైళ్ళు బి సెక్షను దిద్దింది. ఎ సెక్షను వాళ్ళు తనిఖీలో అందంగా కనబడాలని కొట్టివేతలు లేకుండా తెల్ల కాగితం అంటించి మరీ రాశారు, అది ఒకసారి దిద్దిన అంకె అని బి సెక్షనుకి ఎలా తెలుస్తుంది? రెండో గది పదకొండు అయింది. పదకొండు ఇరవై అయింది. మొత్తం లెక్క చూస్తే మా రికార్డులన్నీ పంతొమ్మిదో గది నుంచి ఇరవై నాలుగో గది దాకా సర్దుకున్నాయి. మా భవనంలో ఉన్నవి పద్దెనిమిది గదులు.

"ఒక్కసారే దిద్దాలని ముందే చెప్పాను సార్," అంది నీలవేణి, కమిషనర్ గారి ఎదుట నిలబడి.

చిత్తరంజన్ గారు తప్పు ఒప్పుకోని మనిషి కాదు. వెంటనే రెండో సర్క్యులర్ ఇచ్చారు. "ఒకసారి దిద్దబడిన చిరునామాను ఇకమీదట ఎట్టి పరిస్థితులలోను, ఎంతటి అధికారియైనను, మరల దిద్దరాదు, రద్దు చేయరాదు." సంతకం, ముద్ర, తేదీ. ఆ తర్వాత ఆయనకే సందేహం వచ్చింది, అయితే ఇరవయ్యో గదిని మళ్ళీ పదకొండు చేయడం కుదరదు కదా అని. సందేహం ఎక్కువసేపు ఉండలేదు. మధ్యాహ్నానికల్లా పై ఆఫీసుకి ప్రతిపాదన వెళ్ళింది, భవనము దస్త్రములతో సరిపోలనందున అదనముగా ఆరు గదులు నిర్మించుటకు అనుమతి కోరుతూ.

మూడో సర్క్యులర్ మాత్రం నీలవేణి చెప్పిన సున్నా మీద వచ్చింది. రాబోయే స్థలాంతరములను దృష్టిలో ఉంచుకుని ఇకపై రాసే ఏ కొత్త కాగితం మీదా పేరు గాని, చోటు గాని రాయకూడదు. అక్కడ సున్నా పెట్టాలి. నింపవలసినవి వేరే జాబితాలో రాసి, ఆ జాబితాను రికార్డులలో భద్రపరచాలి. రికార్డులు అనగా ఇరవయ్యో గది.

ఈ పద్ధతి మొదటి ఫలితం కొత్త భవనం ప్రారంభోత్సవం నాడు కనబడింది. పై ఆఫీసు నుంచి రీజినల్ డైరెక్టర్ గారు వచ్చారు. మెడలో దండ పడింది. మా టౌన్ ప్లానింగ్ అధికారి లోకనాథం గారు స్వాగతపత్రం విప్పి గొంతు సవరించుకున్నారు.

"గౌరవనీయులు, సున్నా శాఖ సంచాలకులు, శ్రీ సున్నా గారికి, సున్నా పట్టణ ప్రజల తరఫున హృదయపూర్వక స్వాగతం. తమరు సున్నాలో జన్మించి, సున్నాలో విద్యనభ్యసించి, నేడు సున్నా స్థాయికి ఎదిగిన తీరు మాకందరికీ ఆదర్శం."

ముందు వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. డైరెక్టర్ గారు దండలోంచి మొహం బయటపెట్టి చూశారు. చిత్తరంజన్ గారు లోకనాథం గారి చెవిలో, జాబితా, జాబితా అని గుసగుసలాడారు. "ఇరవయ్యో గదిలో ఉంది సార్, ఆ గది ఇంకా కట్టలేదు," అని లోకనాథం గారు మైకులోనే చెప్పారు.

ఇంతవరకూ నాకు సరదాగానే ఉంది. ఆఫీసు పిచ్చి ఆఫీసుదే, కొట్టు దగ్గర చెప్పుకుని నవ్వుకోవడానికి రోజుకో కథ దొరికేది. పైడితల్లి కడుపుబ్బ నవ్వి, ఇంకో గ్లాసు తనే పోసేది. ఒక శుక్రవారం మాత్రం ఆమె నవ్వలేదు. పాత ఆఫీసు ముందు రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, అనుమతి కాగితం లేని కొట్లన్నీ సోమవారం పది గంటలకి ట్రాక్టరు పెట్టి తీసేస్తారనీ నోటీసు అంటించారు.

"నా కాయితం తుపానులో పైకప్పుతో పాటు ఎగిరిపోనాది బాబూ. మీ ఆఫీసులో ఇంకోటుంటాది కదా?"

"ఉంటుంది. నేనిప్పుడే వెళ్ళి తెస్తాను," అన్నాను.

సూచిక ఇరవయ్యో గది అని చెప్పింది. నా బుర్ర ఇంకా ఏ సెక్షనూ దిద్దలేదు గనక తిన్నగా పదకొండో గదికి వెళ్ళి, ఐదో బీరువా తెరిచి, పావుగంటలో కాగితం బయటికి తీశాను. పద్దెనిమిదేళ్ళ నాటిది, చెదపురుగు కూడా ముట్టలేదు. "పురపాలక కార్యాలయ ప్రధాన ద్వారమునకు తూర్పుగా నలభై అడుగుల దూరమున, ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల స్థలమున తేనీరు విక్రయించుకొనుటకు బోని పైడితల్లి గారికి శాశ్వత అనుమతి." పరిగెత్తినట్టే వెళ్ళి కమిషనర్ గారి బల్ల మీద పెట్టాను. ఒక్క సంతకం చేస్తే ఆ కొట్టు నిలబడుతుంది.

ఆయన చదివారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇది దిద్దని చిరునామా!"

"సార్?"

"నిన్న సాయంత్రానికి మన లెక్క తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఊరంతా గాలించినా దిద్దని అంకె దొరకలేదు. ఇదిగో పదివేలవది! కొట్టు చిరునామా కార్యాలయ ద్వారం నుంచి కదా? కార్యాలయం జరిగింది. కావున కొట్టు కూడా జరిగినట్లే భావించవలెను."

నీలవేణిని పిలిపించాను. ఆ పిల్ల వచ్చి బతిమాలింది. "సార్, ఆఫీసుతో పాటు కొట్టు రాలేదు సార్. ఆవిడ అక్కడే ఉంది. మన ఫైళ్ళు వేరు, ఈవిడ వేరు. ఇలాంటి చోటే జాగ్రత్తగా ఉండాలి సార్."

"సూత్రానికి మినహాయింపులు ఇచ్చుకుంటూ పోతే అది నమూనా ఎలా అవుతుందమ్మా?" అన్నారు ఆయన, ఎంతో ఆప్యాయంగా. పాత కాగితం దిద్దుబాటే గనక దీనికి సున్నాలు అక్కర్లేదన్నారు. ఫొటోగ్రాఫరు వచ్చాడు. పదివేలవ దిద్దుబాటు ఉత్తర్వు మీద చిత్తరంజన్ గారు నవ్వుతూ సంతకం చేశారు. కొత్త కార్యాలయ ప్రధాన ద్వారమునకు తూర్పుగా నలభై అడుగుల దూరమున కొట్టు నెలకొన్నట్లు భావించవలెననీ, ఆమె వ్యాపారమునకు ఎవరును ఆటంకము కల్పించరాదనీ, పాతచోట మిగిలినది ఆక్రమణగా పరిగణించి తొలగించవలెననీ.

ఆ ఉత్తర్వు పట్టుకుని నేనూ నీలవేణీ పైడితల్లి కొట్టుకి వెళ్ళాం. జాబితా అన్న మాట ఆ ఆఫీసులోకి మోసుకెళ్ళింది నేనే. చెప్పేశాను. పైడితల్లి పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడలేదు.

"నా కొట్టు నాను కదపనేదు బాబూ. మీ కాయితం కదిపీసింది. మా ఆయన పోయిన పదో రోజున ఎట్టిన పొయ్యి ఇది. ఇద్దరు ఆడపిల్లలకి ఈ పొయ్యి మీదే పెళ్ళిళ్ళు సేసినాను. ఏటి, ఇప్పుడు నన్నెక్కడికెళ్ళమంటారు?"

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నీలవేణి మాత్రం ఉత్తర్వు అటూ ఇటూ తిప్పి చదువుతోంది.

"బాబాయ్ గారూ, రికార్డు గదిలో కొలతల టేపు ఉందా?"

ఆదివారం మధ్యాహ్నం కాపలావాడిని బతిమాలి ముగ్గురం కొత్త ఆఫీసు గేటు దగ్గర టేపు పట్టుకున్నాం. పాత ఆఫీసు గేటు దక్షిణం వైపు ఉండేది, తూర్పుకి నడిస్తే ప్రహరీ పక్కన రోడ్డు. కొత్త ఆఫీసు గేటు పడమటి వైపు ఉంది. తూర్పుకి నడిస్తే ఆఫీసే. పదడుగులకి పూలకుండీలు. ఇరవై అడుగులకి మెట్లు. ముప్పైకి వరండా. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాం. సరిగ్గా నలభయ్యో అడుగు దగ్గర టేపు కమిషనర్ గారి చక్రాల కుర్చీకి తగిలి ఆగింది. ఆరడుగులు పొడవు, ఐదు వెడల్పు కొలిస్తే కుర్చీ, బల్లలో సగం, గంట బటనూ లోపలికి వచ్చాయి.

పైడితల్లి గది నాలుగు మూలలా చూసింది. "గాలి బాగానే ఒస్తోంది," అంది.

సోమవారం పది గంటలకి పాత గేటు దగ్గరికి ట్రాక్టరు వెళ్ళింది. అక్కడ ఊడ్చి, నీళ్ళు జల్లి, ముగ్గు పెట్టిన ఖాళీ నేల ఉంది. ఉత్తర్వును ఇంత చక్కగా పాటించిన పౌరురాలు మా పురపాలక చరిత్రలో లేదు. పదిన్నరకి చిత్తరంజన్ గారు తమ గది తలుపు తీసేసరికి పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. గోడవారగా చక్రాల కుర్చీ ఉంది, బెంచీ మీద నలుగురు టీ తాగుతున్నారు.

"ఏమిటిది? ఎవరు నువ్వు?"

"పదివేలవ దిద్దుబాటుని బాబూ. పేపర్లో ఏసినారు కదా?" అని ఆమె ఉత్తర్వు చూపించింది.

ఆయన కేక వేశారు. నేనూ నీలవేణీ లోకనాథం గారూ పరిగెత్తాం. "ఈ ఉత్తర్వు రద్దు చెయ్యండి!" అన్నారు. నేను రెండో సర్క్యులర్ ముందు పెట్టాను. ఎంతటి అధికారియైనను అన్న చోట వేలు కూడా పెట్టాను.

"అయితే గేటు జరపండి!"

"గేటు జరిపితే దూరం మారుతుంది సార్. అది రెండోసారి దిద్దినట్టే," అన్నారు లోకనాథం గారు విచారంగా.

"ఇది కమిషనర్ గది! నాకు కేటాయించిన ఉత్తర్వు ఉంది! తీసుకురండి!"

తెచ్చాను. ఆయన స్వయంగా రాయించినదే, మూడో సర్క్యులర్ వచ్చిన మర్నాడు. అందరికీ వినబడేలా చదివాను. "కమిషనర్ శ్రీ సున్నా గారికి సున్నా నంబరు గది కేటాయించడమైనది. వివరములకు జాబితా చూడుము."

"జాబితా ఎక్కడ?" అన్నారు ఆయన. అడిగాక ఆయనకే గుర్తొచ్చింది.

ఒక ఆవిడ కాగితం మీద అడుగులతో సహా చిరునామా ఉంది. ఒక అధికారి కాగితం మీద సున్నా ఉంది. లోకనాథం గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, తలవంచుకుని, "సార్, నిబంధనల ప్రకారం ఆక్రమణ తమరిదే అవుతోంది," అన్నారు. సోమవారం కదా, ట్రాక్టరు ఎటూ ఖాళీగా ఆఫీసు ముందుకి వచ్చేసింది. దాన్ని చూసి చిత్తరంజన్ గారు తమ ఫైళ్ళు తామే చంకన పెట్టుకుని వరండాలోకి నడిచారు.

ఇప్పుడు ఆయన వరండాలో బల్ల వేసుకుని ఉంటున్నారు, ఇరవయ్యో గది కట్టేదాకా. అనుమతి ఇంకా రాలేదు. మా ప్రతిపాదన పై ఆఫీసులో ఉంది గాని, మా నమూనా అక్కడ కూడా అమలైందట, ఏ గదిలో ఉందో వాళ్ళకీ తెలియడం లేదు. పైడితల్లి రోజూ రెండుసార్లు ఆయనకి టీ పంపుతుంది, అల్లం ఎక్కువ వేసి. నేను ఆ రెండు ఉత్తర్వులకీ ఒక్క గీత కూడా కలపకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.

జనం మాత్రం అలవాటు ప్రకారం కమిషనర్ గది తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడుతుంటారు. మొన్న ఒక ముసలాయన అర్జీ పట్టుకుని, చెప్పులు బయట విడిచి, వంగి వంగి లోపలికొచ్చాడు. పైడితల్లి తలెత్తి, "ఏటి కావాలి నాయనా? కూకో, ఐదు నిమిషాల్లో అయిపోద్ది," అంది. ఆ గదిలో అలా ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబోలు, కూర్చోకుండానే ఏడ్చేశాడు.